వేడి ఎక్కడికి పోతుంది? పలచని స్టీలు షీటు మీద ఆర్గాన్ వెల్డింగ్

మన ఇళ్ళలో స్టీలు అంటే స్టెయిన్‌లెస్ స్టీలే. స్టీలు గిన్నె, స్టీలు బిందె, స్టీలు రెయిలింగ్. మామూలు ఉక్కును ఇనుము అంటాం, వర్క్‌షాపులో అయితే ఎమ్మెస్ అంటాం. ఈ రెండింటికీ తేడా తుప్పు దగ్గరే ఉందనుకుంటాం. టార్చ్ పట్టుకున్న మొదటి రోజునే తెలుస్తుంది, వెల్డర్‌కు అసలు తేడా వేడి దగ్గర ఉందని. పదేళ్ళుగా గేట్లు, గ్రిల్స్ అతుకుతున్న చేయి కూడా 20 గేజ్ స్టీలు షీటు ముందు మొదటి వారం తడబడుతుంది. ఒకచోట చిల్లు పడుతుంది. ఇంకోచోట షీటు వేగిన అప్పడంలా లేస్తుంది. మరోచోట అతుకు వెనకవైపు నల్లగా మాడి గరుకు తేలుతుంది. చూడటానికి ఇవి మూడు వేర్వేరు తప్పులు. కానీ మూడూ ఒకే ప్రశ్న దగ్గర మొదలవుతాయి: ఆర్క్ పోసిన వేడి ఎక్కడికి పోతోంది?

పుస్తకాల్లో టిగ్ అని రాసే పద్ధతినే మన షాపుల్లో ఆర్గాన్ వెల్డింగ్ అంటారు. మామూలు రాడ్ వెల్డింగ్‌లో చేతిలో ఉన్న రాడ్డే కరిగి అతుకులో కలిసిపోతుంది. మంట, లోహం రెండూ ఒకే చేతిలోంచి వస్తాయి. ఒకటి తగ్గించి ఇంకొకటి పెంచడం కుదరదు. ఆర్గాన్ వెల్డింగ్‌లో ఆ రెండూ విడిపోయాయి. కుడిచేతి టార్చ్‌లో టంగ్‌స్టన్ సూది ఉంటుంది. దాని మొన నుంచి ఆర్క్ దూకుతుంది. టంగ్‌స్టన్ కరగాలంటే 3,400 డిగ్రీల సెల్సియస్ దాటాలి. స్టీలు 1,400 నుంచి 1,450 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే సూది నిలబడుతుంది, షీటు కరుగుతుంది. లోహం కావాలనుకుంటే ఎడమచేతితో ఫిల్లర్ వైరు అందిస్తాం, అక్కర్లేదనుకుంటే మానేస్తాం. సూది చుట్టూ ఉన్న పింగాణీ నాజిల్‌లోంచి ఆర్గాన్ వాయువు దిగుతూ, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపు కాస్తుంది. మనం పీల్చే గాలిలో ఆర్గాన్ ఒక శాతం కంటే కాస్త తక్కువే ఉంటుంది. అది దేనితోనూ కలవదు, మండదు, మండించదు. ఇక్కడ మనకు కావలసింది ఆ గుణమే.

ఈ పద్ధతి పుట్టింది కూడా పలచని లోహం కోసమే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని నార్త్‌రాప్ విమాన కంపెనీ మెగ్నీషియంతో విమానం కట్టాలనుకుంది. మెగ్నీషియానికి మామూలు ఆర్క్ చూపిస్తే అంటుకుంటుంది. ఆ కంపెనీలో పనిచేసిన రసెల్ మెరెడిత్, టంగ్‌స్టన్ సూది చుట్టూ హీలియం వాయువు పంపే టార్చ్ తయారుచేశాడు. 1942లో దానికి పేటెంట్ వచ్చింది. హీలియం ఖరీదైనది కావడంతో తర్వాత ఆ స్థానంలోకి ఆర్గాన్ వచ్చి స్థిరపడింది.

ఇక స్టీలు గుణం చూద్దాం. స్టీలు గిన్నెలో పాలు ఎందుకు అడుగంటుతాయో వంటింటికి తెలుసు. మంట తగిలిన చోటే వేడి నిలిచిపోతుంది, పక్కకు పాకదు. గిన్నెలకు రాగి అడుగు వేయించేది అందుకే. లెక్కలో చెబితే, మనం ఎక్కువగా వాడే 304 రకం స్టీలుకు వేడిని మోసుకుపోయే శక్తి ఇనుములో మూడో వంతే. పైగా వేడెక్కితే సాగడం ఎక్కువ. మీటరు పొడవున్న ఇనుప పట్టీ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే స్టీలు పట్టీ 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది. వేడి కదలదు, కదలని చోట సాగుడు ఎక్కువ. మందమైన ప్లేటు అయితే ఆ ఒత్తిడిని తన బలంతో మింగేస్తుంది. ఒక మిల్లీమీటరు షీటుకు ఆ బలం లేదు.

షీటు వంకర పోవడాన్ని చాలామంది వేడికి సాగడం అనుకుంటారు. నిజానికి వంకర పుట్టేది చల్లారేటప్పుడు. అతుకు గీత వెంట ఉన్న సన్నని పట్టీ ఎర్రబడి సాగాలని చూస్తుంది. దాని రెండు పక్కలా ఉన్న చల్లని లోహం సాగనివ్వదు. పోవడానికి చోటు లేక ఆ పట్టీ తనలో తాను నలిగి లావెక్కుతుంది. చల్లారాక ముడుచుకుంటుంది. ఇప్పుడది మొదట ఉన్న పొడవు కంటే పొట్టిది. ఆ పొట్టితనమే చుట్టూ ఉన్న షీటును లాగుతుంది. ఎండిన చెరువులో పైమట్టి ముందు ముడుచుకుని పెచ్చులు అంచులెత్తుకుని లేవడం చూసే ఉంటారు. షీటు లేచేదీ అలాగే. ఎంత వెడల్పున వేడి చేస్తే అంత లాగుడు. కాబట్టి వంకర తగ్గించాలంటే, వేడెక్కే పట్టీని సన్నగా ఉంచాలి. మొత్తం పనిలో గుర్తుపెట్టుకోవలసిన మాట ఇదొక్కటే.

నేర్చుకునేవాళ్ళు దాదాపు అందరూ ఇక్కడే తప్పుదారి పడతారు. చిల్లు పడిందంటే కరెంటు ఎక్కువైందనుకుని ఆంపియర్లు తగ్గిస్తారు. తగ్గిస్తే లోహం వెంటనే కరగదు. కరిగే దాకా టార్చ్‌ను అక్కడే నిలబెడతారు. ఆ నిలబడ్డ నాలుగు సెకన్లలో వేడి చుట్టూ అంగుళం మేర పరుచుకుంటుంది. చివరికి కరిగేసరికి ఆ చోటంతా మెత్తబడి ఒక్కసారిగా జారిపోతుంది. మళ్ళీ చిల్లు. మళ్ళీ ఆంపియర్లు తగ్గిస్తారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఆర్క్ వోల్టేజ్ 10 అనుకుందాం. 30 ఆంపియర్లు పెట్టి నిమిషానికి 50 మిల్లీమీటర్ల చొప్పున పాకితే, ప్రతి మిల్లీమీటరు అతుకుకూ 360 జౌళ్ళ వేడి పోసినట్టు. 45 ఆంపియర్లు పెట్టి నిమిషానికి 120 మిల్లీమీటర్లు నడిస్తే 225 జౌళ్ళే. కరెంటు ఒకటిన్నర రెట్లు పెరిగింది, షీటులోకి దిగిన వేడి మాత్రం మూడో వంతుకు పైగా తగ్గింది. ఈ లెక్కను నేను నేర్పే ప్రతి కుర్రాడి చేతా సుద్దముక్కతో గోడ మీద వేయిస్తాను. భయపడి తగ్గించిన కరెంటు షీటును కాపాడదు. వేగంగా కరిగించి, అక్కడ ఆగకుండా ముందుకు పోయే చేయే కాపాడుతుంది.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకొకటుంది. చిల్లు పడబోతోందని అనిపించగానే టార్చ్‌ను పైకి లేపడం. పొయ్యి మీది గిన్నెను ఎత్తినట్టు ఎత్తితే వేడి తగ్గుతుందని చేతికి అలవాటు. ఈ మెషిన్ స్వభావం వేరు. ఆర్క్ పొడవు పెరిగినా అది కరెంటును అలాగే నిలబెడుతుంది, వోల్టేజ్ పెరుగుతుంది. అంటే వేడి తగ్గకపోగా గొడుగులా విచ్చుకుని ఇంకా వెడల్పున పడుతుంది. పైగా నాజిల్ దూరమైతే గాలి లోపలికి చొరబడుతుంది. చిల్లు భయం వేసినప్పుడు చేయవలసినవి రెండే. ముందుకు కదలాలి, లేదంటే ఫిల్లర్ వైరు ముంచాలి. చల్లని వైరు, కరిగిన లోహపు మడుగులోని వేడిని కొంత తాగేస్తుంది. రెండూ కుదరకపోతే స్విచ్ వదిలేయాలి.

మొదటి అభ్యాసానికి 18 గేజ్ 304 షీటు మంచిది. దాని మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు. 20 గేజ్ సుమారు 0.9, 22 గేజ్ సుమారు 0.7. నేరుగా 22 మీద మొదలుపెట్టేవాడు విసుగు తప్ప ఏమీ నేర్చుకోడు. షీటును రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు పట్టీలుగా కోయించుకోవాలి. కరెంటు మిల్లీమీటరు మందానికి 30 నుంచి 40 ఆంపియర్ల లెక్కన మొదలుపెట్టి చూసుకోవాలి. 1.6 మిల్లీమీటర్ల సూది, 1.0 లేదా 1.2 మిల్లీమీటర్ల ఫిల్లర్ వైరు. షాపులో 2.4 రాడ్డు ఉంది కదా అని అదే వాడితే, అంత లావు రాడ్డును కరిగించే లోపు పలచని షీటు కారిపోతుంది. 304 షీటుకు 308ఎల్ వైరు, 316కు 316ఎల్, స్టీలును ఇనుముకు అతకాలంటే 309ఎల్. ఈ ‘ఎల్’ అక్షరం ఊరికే పెట్టింది కాదు. కార్బన్ 0.03 శాతం దాటదని దాని అర్థం. కార్బన్ ఎక్కువుంటే, స్టీలు 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉన్నప్పుడు అది క్రోమియంను పట్టుకుపోతుంది. క్రోమియం తగ్గిన చోట స్టీలు తుప్పుకు లొంగుతుంది.

టార్చ్ నెగెటివ్‌కు, ఎర్త్ పాజిటివ్‌కు ఉండాలి. తిప్పి పెడితే సూది మొన క్షణాల్లో ఉండ కట్టి కూర్చుంటుంది. సూదిని పెన్సిల్ చెక్కినట్టు నిలువు గీతలు పడేలా గ్రైండ్ చేయాలి, అడ్డగీతలు పడితే ఆర్క్ మొన దగ్గర నిలవక తిరుగుతుంది. ఆ గ్రైండింగ్ వీల్‌ను ఇంకే పనికీ వాడకూడదు. ఎర్ర రంగు గుర్తున్న సూదిలో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మిక పదార్థం. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. బంగారు రంగు, నీలం రంగు గుర్తులున్న లాంథనం సూదులు అంతే బాగా పనిచేస్తాయి. కొనేటప్పుడు అవే అడగండి.

ఆర్క్ వెలిగించక ముందు జరిగే పనే సగం వెల్డింగ్. ఈ మాట మందం ప్లేటు విషయంలో కాస్త అతిశయోక్తి కావచ్చు. పలచని షీటు విషయంలో అక్షరాలా నిజం. రెండు అంచుల మధ్య వెంట్రుక సందు ఉన్నా ఆర్క్ ఆ సందు అంచులను పట్టుకుని వెనక్కి కరిగిస్తుంది, సందు చిల్లవుతుంది. షీరింగ్ మెషిన్ కోసిన అంచున గరుకు ముళ్ళు లేచి ఉంటాయి. ఆకురాయితో వాటిని తీసేసి, రెండు అంచులను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. మధ్యలోంచి వెలుగు కనబడితే ఇంకా పనుంది. తర్వాత అసిటోన్‌తో తుడవాలి. చేతి జిడ్డు, మార్కర్ గీతలు, షీటు మీది ప్లాస్టిక్ పొర జిగురు అన్నీ మసై అతుకులోకి పోతాయి. బ్రష్ స్టీలు తీగలదే కావాలి. ఇనుప బ్రష్‌తో రుద్దితే దాని పొడి షీటులో ఇరుక్కుని, నెల తిరక్కముందే చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. అప్పుడు కస్టమర్ స్టీలు మంచిది కాదంటాడు. తప్పు స్టీలుది కాదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. డబ్బాల్లో వచ్చే కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉన్న ద్రావకాలు ఉంటాయి. వాటితో తుడిచిన షీటు మీద ఆర్క్ వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధంగా వాడిన వాయువు అది. ఆ డబ్బాను వెల్డింగ్ బల్ల దరిదాపులకు రానివ్వకండి.

టాక్‌లు, అంటే ఫుల్ వెల్డింగ్‌కు ముందు అంచులను కదలకుండా పట్టి ఉంచే చుక్క అతుకులు, వేయడం కూడా చేయి తిరగాల్సిన విద్యే. ఒక చివర మొదలుపెట్టి వరసగా వేసుకుంటూ పోతే ప్రతి టాక్ అంచులను ఇంత లాగుతుంది, దాంతో అవతలి చివర కత్తెరలా మూసుకుపోతుంది, లేదా విచ్చుకుంటుంది. ముందు రెండు చివరలా, తర్వాత నడిమధ్యన, ఆ తర్వాత మిగిలిన సగాల మధ్యన. అలా సగం సగం చేసుకుంటూ అంగుళానికొకటి వచ్చేదాకా వేయాలి. ఒక్కో టాక్ బియ్యపు గింజ కంటే పెద్దది కానక్కర్లేదు. ఫుల్ వెల్డింగ్ వేసేటప్పుడు కూడా ఒకే దెబ్బలో ఈ చివర నుంచి ఆ చివరకు పోకుండా, రెండేసి అంగుళాల ముక్కలుగా, ఒక ముక్క ఇక్కడ, తర్వాతిది దూరంగా వేసుకుంటూ చల్లారనివ్వాలి. షీటును చేత్తో తాకగలిగితేనే తర్వాతి ముక్క. తొందర ఉన్నవాడికి ఇది కష్టంగా ఉంటుంది. కానీ వంకరపోయిన బల్ల పైభాగాన్ని సుత్తితో సరిచేయడానికి పట్టే గంటలతో పోలిస్తే, ఆగి చల్లార్చిన పావుగంట చాలా తక్కువ.

రాగి అడుగు గిన్నె మాట చెప్పాను కదా, అదే ఉపాయం ఇక్కడా పనికొస్తుంది. అతుకు కింద ఒక రాగి పట్టీ పెట్టి, షీటును దానికి బిగించి అతికితే, కిందకు దిగిన వేడిని రాగి లాగేసుకుంటుంది. రాగి వేడిని మోసే వేగం స్టీలు కంటే ఇరవై రెట్లకు పైనే. చిల్లులు తగ్గుతాయి, వంకర తగ్గుతుంది, వెనకవైపు గాలి కూడా పెద్దగా తగలదు. రాగి లేకపోతే మందపాటి అల్యూమినియం పట్టీ అయినా మేలే. ఆర్క్ మాత్రం ఆ పట్టీకి తగలకూడదు. రాగి కరిగి స్టీలులో కలిస్తే అతుకు పగుళ్ళు తీస్తుంది.

వెనకవైపు గాలి సంగతిని చాలా షాపుల్లో పట్టించుకోరు. నాకు బాధ కలిగించే విషయం ఇదే. అతుకు పైభాగం టార్చ్ ఆర్గాన్ కింద భద్రంగా ఉంటుంది. కరిగిన లోహం కిందివైపు బయటి గాలికి తెరుచుకుని ఉంటుంది. అక్కడ క్రోమియం ప్రాణవాయువుతో కలిసి నల్లటి గరుకు గరుకు పదార్థంగా, మాడిన పంచదార పాకంలా గడ్డకడుతుంది. రెయిలింగ్ గొట్టం లోపల అయితే అది ఎవరికీ కనబడదు. పాల పైపులో, నీళ్ళ ట్యాంకులో, హోటల్ వంటపాత్రలో అయితే ఆ గరుకు సందుల్లో తిండి ఇరుక్కుంటుంది, కడిగినా పోదు, క్రిములు అక్కడే కాపురం పెడతాయి. తినే వస్తువు తగిలే చోట వెనకవైపు కూడా ఆర్గాన్ పంపించాల్సిందే. గొట్టమైతే రెండు చివరలూ టేపుతో మూసి, ఒకవైపు సన్నని ట్యూబుతో ఆర్గాన్ పంపి, మరోవైపు గాలి బయటకు పోయేందుకు చిన్న రంధ్రం వదలాలి. షీటు అయితే మధ్యలో గాడి ఉన్న రాగి పట్టీ పెట్టి ఆ గాడిలోకి కాస్త వాయువు వదిలినా చాలు.

ఇక అభ్యాసం. మొదటి రోజు ఆర్క్ వద్దు. మెషిన్ ఆపేసి, టార్చ్ పట్టుకుని, చిటికెన వేలును షీటు మీద ఆనించి, ఆరంగుళాల గీత వెంట చేయి జార్చడం నేర్చుకోవాలి. సూది మొనకూ షీటుకూ మధ్య దూరం ఒకటిన్నర మిల్లీమీటర్లు. సూది లావు ఎంతో అంత దూరం అని గుర్తుపెట్టుకోవచ్చు. టార్చ్ నిటారుకు కాస్త వెనక్కి వాలి ఉండాలి, మొన మనం పోయే దిక్కుకు చూడాలి. కేబుల్ బరువు మణికట్టు మీద పడకుండా భుజం మీదుగా వేసుకోవాలి. కూర్చుని చేయగలిగిన పనిని నిలబడి చేయకండి. వణుకు చేతిలో ఉండదు, చేతికి ఆసరా లేకపోవడంలో ఉంటుంది.

రెండో మెట్టు, ఫిల్లర్ లేకుండా ఒకే పట్టీ మీద గీత కరిగించడం. ఇక్కడ చూడాల్సింది ఆర్క్ వెలుగును కాదు, దాని కింద ఏర్పడే మడుగును. షాపుల్లో దీన్ని పూల్ అంటారు. కరిగిన లోహం అద్దంలా మెరుస్తూ గుండ్రంగా నిలుస్తుంది. దాని వెడల్పు షీటు మందానికి రెండు మూడు రెట్లు ఉన్నప్పుడు కదలాలి. అది వెడల్పవుతోందంటే చేయి ఆలస్యం, సన్నబడుతోందంటే చేయి తొందర. మడుగు నడుమ కాస్త లోపలికి కుంగినట్టు కనబడితే చిల్లుకు ముందు వచ్చే చివరి సంకేతం అదే. ఈ ఒక్క చూపు అలవడటానికి పది పదిహేను పట్టీలు పడతాయి. సూది మడుగులో మునగడం, గ్రైండింగ్‌కు లేవడం రోజుకు పదిసార్లు జరుగుతుంది. మునిగిన సూదితో కొనసాగించాలని ఎప్పుడూ చూడొద్దు, ఆర్క్ పక్కకు చెదిరి పని పాడవుతుంది.

మూడో మెట్టులో ఫిల్లర్ వైరు వస్తుంది. వైరును షీటుకు బాగా వాలుగా, మడుగు ముందు అంచుకు తాకించి తీయాలి. ఆర్క్‌లోకి పెట్టి చుక్కలు రాల్చకూడదు. తాకించాక వైరును మరీ దూరం లాగకూడదు. దాని ఎర్రటి కొస ఆర్గాన్ నీడలోనే ఉండాలి. బయటికొస్తే నల్లబడుతుంది, ఆ నలుపు తర్వాతి ముంపులో అతుకులోకి దిగుతుంది. తాకించడం, జరగడం, తాకించడం, జరగడం. నారు నాటే చేతికి ఉండే లయ లాంటిది ఇది. లయ పట్టుబడిన రోజున అతుకు మీద నాణేలు వరసగా పేర్చినట్టు అలలు వాటంతటవే వస్తాయి.

ఆ తర్వాత రెండు షీటుల అంచులను ఎల్ ఆకారంలో కలిపే బయటి మూల అతుకు. ఫిల్లర్ లేకుండానే రెండు అంచులూ కరిగి కలుస్తాయి. పెట్టెలు, ట్రేలు, సింకులు అన్నిటికీ ఇదే పని. తర్వాత ఎదురెదురు అతుకు, చివరికి లోపలి మూల అతుకు. లోపలి మూలలో రెండు షీటుల మధ్య ఆర్క్ ఇరుక్కుంటుంది, అందుకని దాన్ని ఆఖరున నేర్చుకోవాలి. ప్రతి మెట్టులోనూ నాలుగైదు ముక్కలను వైస్‌లో బిగించి అతుకు మీదే వంచి విరవడానికి ప్రయత్నించండి. మెరుపు చూసి మురిసిన అతుకు లోపల సగమే కలిసి ఉండటం అప్పుడు బయటపడుతుంది.

మెషిన్‌లో పల్స్ ఉంటే దాన్ని ఈ దశలో వాడటం మొదలుపెట్టొచ్చు. పల్స్ అంటే కరెంటు ఒక క్షణం ఎక్కువ, ఒక క్షణం తక్కువ అవుతూ ఉండటం. ఎక్కువైన క్షణంలో లోహం కరుగుతుంది, తక్కువైన క్షణంలో కాస్త గడ్డకడుతుంది. సగటు వేడి తగ్గుతుంది. మంచి సాయమే. కానీ మడుగును చదవడం రాకముందే పల్స్ మీద ఆధారపడితే, ఆ మీట లేని మెషిన్ దగ్గర నిలబడ్డ రోజున చేతికి ఏమీ తోచదు. అతుకు చివర కరెంటు నెమ్మదిగా దిగేలా పెట్టే డౌన్ స్లోప్ మీట మాత్రం మొదటి రోజు నుంచీ వాడాలి. ఒక్కసారిగా ఆపితే చివరి గుంటలో నక్షత్రం ఆకారంలో పగులు వస్తుంది. స్విచ్ వదిలాక టార్చ్‌ను అయిదు నుంచి ఎనిమిది సెకన్లు అక్కడే పట్టుకోండి. ఆర్గాన్ ఇంకా వస్తూనే ఉంటుంది. అది చల్లారుతున్న లోహానికీ సూదికీ కాపలా.

పని అయ్యాక అతుకు రంగు చూడాలి. వెండి రంగు, లేత బంగారు రంగు ఉంటే వేడీ వాయువూ సరిగ్గా ఉన్నాయని అర్థం. నీలం, ఊదా వస్తే వేడి కాస్త ఎక్కువైంది. బూడిద రంగు, నలుపు వచ్చి పొడి తేలితే లోహం కాలిపోయింది. ఇంద్రధనుస్సు రంగులు అందంగా ఉన్నాయని వదిలేసేవాళ్ళున్నారు. స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది దాని మీద ఉండే కొన్ని నానోమీటర్ల క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ రంగులు వచ్చిన చోట పొర చెదిరి, దాని కింద క్రోమియం తగ్గి ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో తుప్పు ముందుగా కనిపించేది సరిగ్గా ఆ గీతల వెంటే. రంగును తీసేయాలి. తీయడానికి వాడే పిక్లింగ్ పేస్టులో సాధారణంగా నైట్రిక్ ఆమ్లంతో పాటు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ఇది మామూలు యాసిడ్ కాదు. చర్మం మీద పడ్డ వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపలికి దిగి కాల్షియంను పట్టుకుని ఎముక దాకా దెబ్బతీస్తుంది. ఒట్టి చేతులతో, గుడ్డముక్కతో దాన్ని రుద్దడం చూస్తే నా ఒళ్ళు జలదరిస్తుంది. యాసిడ్ తట్టుకునే గ్లవ్స్, కళ్ళకు అద్దాలు, ధారాళంగా నీళ్ళు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు దగ్గర లేకుండా ఆ డబ్బా మూత తీయకండి.

ఆర్గాన్ వెల్డింగ్‌లో పొగ కనబడదు కాబట్టి ప్రమాదం లేదని ఒక నమ్మకం ఉంది. అది పొరపాటు. స్టీలు పొగలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2017లో వెల్డింగ్ పొగను, వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలను రెండింటినీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. పొగ తక్కువైతే ఆ కిరణాలు ఇంకా తేటగా బయటికొస్తాయి, గాలిలో ఓజోన్ పుట్టిస్తాయి. కాబట్టి తల పొగకు ఎడంగా, 9 లేదా 10 నంబరు అద్దం, మెడ దాకా గుండీలు, మందపాటి నూలు చొక్కా. ఫ్యాను అతుకు మీదికి కాకుండా పక్కనుంచి గాలిని లాగేలా పెట్టాలి. ఆర్గాన్ గాలి కంటే బరువైనది. ట్యాంకు లోపల, గోతిలో పనిచేసేటప్పుడు అది అడుగున నిండి ప్రాణవాయువును తోసేస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, ఉక్కిరిబిక్కిరి చేయదు, మనిషి తెలియకుండానే కూలిపోతాడు. లోపల ఒకరుంటే బయట ఒకరు ఉండి తీరాలి.

చివరిగా షాపు యజమానులకు ఒక మాట. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఒక ఏడాది. దాంట్లో పలచని స్టీలు మీద చేయి నిలిచేంత సమయం కుర్రాళ్ళకు దొరకదు. పనిలో చేరాక రెండేళ్ళ పాటు గ్రైండింగ్, బఫింగ్ దగ్గరే ఉంచుతారు. టార్చ్ ఇవ్వరు, గ్యాస్ దండగ అంటారు. ఆ లెక్క చూద్దాం. పెద్ద ఆర్గాన్ సిలిండర్‌లో సుమారు 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 8 లీటర్ల చొప్పున ఆర్క్ వెలిగి ఉన్న పూర్తి అరగంటకు ఖర్చయ్యేది 240 లీటర్లు. మీ కుర్రాడికి వారానికి ఒక్కరోజు, సాయంత్రం, స్క్రాప్ పట్టీలిచ్చి ఆ అరగంట ఇవ్వండి. సిలిండర్‌లో అది ఇరవై తొమ్మిదో వంతు.